అవాంఛిత కాల్స్: నంబరు దొరుకుతుంది, అమ్మేవాడు దొరకడు

మధ్యాహ్నం రెండు గంటలకు, భోజనం చేసి కాస్త నడుం వాల్చే వేళకు ఫోను మోగుతుంది. తెరపై మామూలు పదంకెల మొబైల్ నంబరే కనిపిస్తుంది. పిల్లల బడి నుంచో, ఆసుపత్రి నుంచో, పార్సిల్ తెచ్చి వీధి చివర నిలబడిన కుర్రాడి నుంచో అనుకుని ఎత్తితే, "నమస్తే సర్, శ్రీశైలం హైవే ఫేసింగ్ ఓపెన్ ప్లాట్లు ఉన్నాయి, ఈ ఆదివారం సైట్ విజిట్‌కి క్యాబ్ కూడా మేమే పంపిస్తాం" అని ఒక గొంతు గుక్క తిప్పుకోకుండా మొదలుపెడుతుంది. వద్దని పెట్టేసిన పది నిమిషాలకు ఇంకో నంబరు నుంచి ప్రీ అప్రూవ్డ్ లోన్ అంటూ ఇంకో గొంతు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో ఇది ఎంతగా అలవాటైపోయిందంటే, దీన్ని చట్ట ఉల్లంఘనగా చూడటమే జనం మానేశారు. దోమల్లాగే ఇదీ ఊరితో పాటు వచ్చిన బాధ అని సరిపెట్టుకుంటున్నారు.

నిజానికి ఆ రెండు కాల్సూ నిబంధనలకు విరుద్ధమైనవే. వ్యాపార ప్రచారం కోసం ఫోను చేసేవారు టెలిమార్కెటర్‌గా నమోదై ఉండాలి, అందుకు కేటాయించిన 140తో మొదలయ్యే నంబరు నుంచే చేయాలి, అవతలి వ్యక్తి కాల్స్ వద్దనుకునేవారి 'డీఎన్‌డీ' జాబితాలో ఉంటే ఆయన విడిగా సమ్మతి ఇచ్చి ఉంటే తప్ప అసలు చేయకూడదు. పదంకెల సాధారణ నంబరు నుంచి ప్లాట్లు అమ్మడం ఏ లెక్కన చూసినా కుదరదు. ఇంత స్పష్టమైన నిషేధం ఉండగా ఇన్ని కాల్స్ ఎలా వస్తున్నాయన్న ప్రశ్నకు రచ్చబండ దగ్గరైనా, ఆఫీసు క్యాంటీన్‌లోనైనా రెండే జవాబులు వినిపిస్తాయి: ప్రభుత్వానికి చేతకాదని ఒకటి, టెలికాం కంపెనీలే కుమ్మక్కయ్యాయని మరొకటి. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే పద్దెనిమిదేళ్ల నియంత్రణ చరిత్రను వరుసగా చూస్తే అంతకంటే లోతైన లోపమొకటి బయటపడుతుంది. ఆ నియంత్రణ మొదటి నుంచీ ఫోను చేసిన నంబరు వెంటే పరుగెత్తింది. ఆ కాల్ వల్ల ప్లాటు అమ్ముకుని, అప్పు అంటగట్టి లాభపడేవాడు చాలావరకు దాని చూపు పడని చోటే కూర్చున్నాడు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007 జూన్‌లో మొదటిసారి అవాంఛిత వాణిజ్య కాల్స్‌పై నిబంధనలు తెచ్చింది. కాల్స్ వద్దనుకునేవారి నంబర్లతో ఒక జాతీయ జాబితా తయారైంది. ఫోను చేసేముందు టెలిమార్కెటర్లు ఆ జాబితాతో సరిచూసుకోవాలన్నది ఏర్పాటు. ఈ ఏర్పాటులోనే ఒక పక్షపాతం ఉంది. ఎవరికైనా ఫోను చేయవచ్చన్నది సూత్రమైతే, వద్దని ముందుగా చెప్పుకున్నవారు మినహాయింపు. ఇంటి తలుపుకు 'అమ్మకందారులకు ప్రవేశం లేదు' అని బోర్డు పెట్టుకోని ప్రతి ఇంట్లోకీ దూరిపోవచ్చని చెప్పడం లాంటిదిది. 2010 డిసెంబరులో వచ్చి, మరుసటి ఏడాది సెప్టెంబరు 27 నుంచి పూర్తిగా అమలైన రెండో విడత నిబంధనలు ఆ జాబితాకు మెరుగులు దిద్దాయి. బ్యాంకింగ్, రియల్ ఎస్టేట్, విద్య, వైద్యం వంటి రంగాలుగా విడగొట్టి, ఏది కావాలో ఏది వద్దో ఎంచుకునే వీలు కల్పించాయి. మూలసూత్రం మాత్రం మారలేదు.

ఆ 2011లోనే జరిగిన మరో ప్రయోగం గుర్తుచేసుకోదగినది. ఒక సిమ్ నుంచి రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లకు మించి పంపకూడదని ట్రాయ్ పరిమితి విధించింది. గగ్గోలు రేగడంతో కొద్ది వారాలకే దాన్ని 200కు పెంచింది. పండుగ రోజున బంధుమిత్రులందరికీ శుభాకాంక్షలు పంపే అలవాటున్నవాళ్లకు, కాలేజీ కుర్రకారుకు అడ్డుకట్ట పడింది తప్ప, సిమ్‌ల మీద సిమ్‌లు కొని సందేశాలు గుమ్మరించే వ్యాపారికి పెద్ద నష్టం కలగలేదు. వాణిజ్యంతో సంబంధం లేని వ్యక్తిగత సందేశాలకు ఆ పరిమితి చెల్లదని 2012 జూలైలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. దొంగను పట్టలేక ఊరందరికీ కర్ఫ్యూ పెట్టే ఈ పద్ధతి తర్వాతి కాలంలోనూ వేరే వేషాల్లో తిరిగి వచ్చింది.

2018 నిబంధనలు వాటికి భిన్నమైనవి. వాటి విజయం, వైఫల్యం రెండూ చెప్పుకోదగ్గవే. ఈ విడతలో ట్రాయ్ బ్లాక్‌చెయిన్ తరహా సాంకేతికతను ఎంచుకుంది. ఒకరి పుస్తకంలో రాసిన పద్దు మిగతా అందరి పుస్తకాల్లోనూ కనిపించే ఉమ్మడి ఖాతా అనుకోవచ్చు. దీన్నే పరిశ్రమలో 'డీఎల్‌టీ' అంటారు. ఎస్సెమ్మెస్ పంపదలచిన ప్రతి సంస్థా అందులో తన పేరు నమోదు చేసుకోవాలి, పంపేవారి పేరుగా కనిపించే ఆరక్షరాల హెడర్‌ను నమోదు చేసుకోవాలి, పంపబోయే సందేశపు నమూనాను సైతం ముందే ఇచ్చి ఆమోదం పొందాలి. మొత్తం, తేదీ, ఓటీపీ వంటి మారే వివరాలకు మాత్రం ఖాళీలు వదలవచ్చు. నమూనాతో సరిపోలని సందేశం టెలికాం సంస్థ దగ్గరే ఆగిపోవాలి.

ఫోనులోని సందేశాల పెట్టె తెరిస్తే ఈ వ్యవస్థ ఆనవాళ్లు కనిపిస్తాయి. పంపినవారి పేరుకు ముందు రెండు ఇంగ్లిషు అక్షరాలుంటాయి. అందులో మొదటిది టెలికాం సంస్థను, రెండోది సందేశం బయలుదేరిన సర్కిల్‌ను, అంటే టెలికాం సేవా ప్రాంతాన్ని సూచిస్తుంది. 'ఏడీ' అంటే ఎయిర్‌టెల్, ఢిల్లీ. 'జేఎమ్' అంటే జియో, ముంబయి. గుంటూరులోని ఖాతాదారుకు ఆయన బ్యాంకు పంపిన సందేశంపై ముంబయి అక్షరం ఉండటానికి కారణమిదే. 2025 నుంచి పేరు చివర ఇంకో అక్షరం చేరింది. ప్రచారమైతే 'పీ', సేవా సమాచారమైతే 'ఎస్', లావాదేవీ అయితే 'టీ', ప్రభుత్వానిదైతే 'జీ'. 'మీ ఖాతా స్తంభించింది, ఈ లింకు నొక్కండి' అన్న సందేశం ఈ అక్షరాలేవీ లేకుండా మామూలు పదంకెల నంబరు నుంచి వచ్చిందంటే అది బ్యాంకుది కాదని చదువు అంతగా లేనివారు సైతం గుర్తుపట్టవచ్చు. సాంకేతికత సామాన్యుడి చేతికి ఇచ్చిన చిన్న పరికరమిది. దీని గురించి బ్యాంకులు గానీ ప్రభుత్వాలు గానీ తెలుగులో ఇంకాస్త గట్టిగా ప్రచారం చేసి ఉండాల్సింది.

ఈ వడపోత నొప్పి లేకుండా రాలేదు. 2021 మార్చి 8న నమూనాల తనిఖీని పూర్తిగా అమలు చేయగానే, సంస్థలు తమ నమూనాలను సరిగా నమోదు చేసుకోకపోవడంతో బ్యాంకు ఓటీపీలే నిలిచిపోయాయి. డబ్బు చెల్లించాల్సినవారు, ఆధార్ పని మీద కూర్చున్నవారు, అప్పుడప్పుడే మొదలైన కోవిడ్ టీకా కోసం నమోదు చేసుకుంటున్నవారు రాని సంకేతం కోసం ఎదురుచూశారు. ట్రాయ్ మర్నాడే తనిఖీని వారం పాటు వాయిదా వేసింది. దాదాపు మూడేళ్ల గడువిచ్చినా సిద్ధం కాని సంస్థలది తప్పైతే, ఇబ్బంది మాత్రం వాటి ఖాతాదారులు పడ్డారు. అయినప్పటికీ ఆ తర్వాత ఎస్సెమ్మెస్ రూపంలో వచ్చే వ్యాపార చెత్త గణనీయంగా క్రమశిక్షణలోకి వచ్చిందని ఒప్పుకోవాలి. నంబరును వెంటాడటం మాని, పంపే సంస్థనే పేరుతో సహా పద్దులో కట్టేయడమే అందుకు కారణం.

ఆ పద్ధతి గొంతుకు పనికిరాలేదు. సందేశానికి నమూనా ఉంటుంది గానీ సంభాషణకు ఉండదు. ఫోను ఎత్తేదాకా అవతలి మనిషి బంధువో అమ్మకందారో చెప్పగల యంత్రం టెలికాం సంస్థ దగ్గర లేదు. దీనికి తోడు 2016 సెప్టెంబరులో జియో రాకతో కాల్ ధరల లెక్కే మారిపోయింది. అంతకుముందు ప్రతి నిమిషానికీ పైసల్లోనో రూపాయల్లోనో ఖర్చుండేది కాబట్టి, వందమందికి ఫోను చేసి ఒక్కరిని పట్టుకునే వ్యాపారం అందరికీ గిట్టుబాటయ్యేది కాదు. అపరిమిత కాల్స్ ప్యాకేజీలు వచ్చాక ఒక సిమ్, ఒక చవక ఫోను, ఫోన్ నంబర్ల ఎక్సెల్ పట్టిక ఉంటే చాలు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎన్ని కాల్స్ చేసినా అదనంగా పైసా ఖర్చు లేదు. దేశంలో చాలా రాష్ట్రాల్లో ఒక వ్యక్తి పేరున 9 సిమ్‌లు తీసుకోవచ్చు. చిన్న ఆఫీసులో ఐదుగురు ఉద్యోగులుంటే వారి పేర్ల మీదే 45 నంబర్లు పుడతాయి. ఇంకాస్త పెద్ద సంస్థలకు పీఆర్ఐ లైన్లున్నాయి. అలాంటి ఒక్క లైను మీద ఏకకాలంలో 30 కాల్స్ నడుస్తాయి.

ఇక నిబంధనలు పాటించేవాడి సంగతి వేరు. టెలిమార్కెటర్‌గా నమోదై, ఫీజు కట్టి, 140 నంబరు తీసుకుని ఫోను చేస్తే, ఆ మూడంకెలు చూడగానే జనం కట్ చేస్తారు. మామూలు నంబరుతో చేసినవాడి కాల్‌నే ఎత్తుతారు. చట్టానికి లోబడినవాడి మొహాన తలుపు మూసుకుపోయి, లోబడనివాడికి తెరుచుకునే పరిస్థితిలో ఎంతమంది బుద్ధిగా నమోదు చేసుకుంటారని ఆశించగలం? నిబంధన రాసినవారి ఉద్దేశం మంచిదే అయినా, దాని ఫలితంగా నమోదు కాకపోవడానికే బహుమతి దక్కింది.

2024 ఆగస్టు 13న ట్రాయ్ కాస్త గట్టి దెబ్బే కొట్టింది. నమోదు కాని టెలిమార్కెటర్ల టెలికాం వనరులన్నింటినీ తెంచేయాలని, అలాంటివారిని రెండేళ్ల పాటు నల్లజాబితాలో పెట్టాలని, ఆ జాబితాను అన్ని టెలికాం సంస్థలూ పంచుకోవాలని ఆదేశించింది. ఆ ఏడాది మొదటి ఆరు నెలల్లోనే ఇలాంటివారిపై 7.9 లక్షల ఫిర్యాదులు వచ్చాయని ట్రాయ్ స్వయంగా చెప్పింది. ఆదేశం వెలువడిన కొద్ది వారాల్లో 2.75 లక్షలకు పైగా నంబర్లు తెగిపోగా, 50 సంస్థలు నల్లజాబితాకెక్కాయి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు విషయం బోధపడుతుంది. తెగిన నంబర్లు లక్షల్లో ఉంటే పట్టుబడిన సంస్థలు పదుల్లో ఉన్నాయి. నంబరు తెగితే కొత్త సిమ్ వస్తుంది, వెంచర్ మాత్రం అక్కడే ఉంటుంది, ప్లాట్లూ అక్కడే ఉంటాయి.

ఫిర్యాదు చేసే పద్ధతి చూసినా భారం ఎవరి మీద పడుతోందో తెలుస్తుంది. మొదట 1909కి సందేశం పంపో, టెలికాం సంస్థ యాప్‌లోకి వెళ్లో డీఎన్‌డీలో చేరాల్సి వచ్చేది. తర్వాత కాల్ వచ్చినప్పుడు నంబరు, తేదీ, ఏం మాట్లాడారన్న వివరం రాసి అదే 1909కి పంపాలి. 2025 ఫిబ్రవరి దాకా ఇదంతా మూడు రోజుల్లోగా జరగాలి, ఫిర్యాదుదారు డీఎన్‌డీలో ఉండి తీరాలి, నమోదు కాని ఒక నంబరుపై చర్య మొదలవ్వాలంటే ఏడు రోజుల్లో పదిమంది ఫిర్యాదు చేయాలి. పగలంతా పనిలో మునిగి ఉండి, అప్పటికే ఆ కాల్ వల్ల రెండు నిమిషాలు పోగొట్టుకున్న మనిషి, ఇంకో ఐదు నిమిషాలు వెచ్చించి ఇవన్నీ రాసి పంపితే, మరో తొమ్మిది మంది అపరిచితులు కూడా అదే పని చేసి ఉంటే, అప్పుడు ఆ నంబరు కదిలేది. అప్పటికి ఫోను చేసినవాడు ఆ సిమ్‌ను పారేసి ఉండేవాడు.

2025 ఫిబ్రవరి 12 నాటి సవరణ ఈ మెట్లను కొంత తగ్గించింది. గడువు ఏడు రోజులైంది, డీఎన్‌డీలో లేనివారూ ఫిర్యాదు చేయవచ్చు, పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు చాలు, 30 రోజులు పట్టే చర్య ఐదు రోజుల్లో జరగాలి. మొదటి తప్పుకు పంపినవారి అవుట్‌గోయింగ్ సేవలన్నీ 15 రోజులు ఆగుతాయి, మళ్లీ చేస్తే ఏడాది పాటు అన్ని కనెక్షన్లూ పోతాయి. ఫిర్యాదుల లెక్కలు తప్పుగా చూపే టెలికాం సంస్థకు మొదటిసారి 2 లక్షలు, రెండోసారి 5 లక్షలు, ఆపైన ప్రతిసారీ 10 లక్షల రూపాయల జరిమానా. ఇవన్నీ మెచ్చుకోదగిన మార్పులే. అయితే వీటిలో ఒక్క రూపాయి కూడా నిద్ర చెడినవాడికి రాదు.

ఈ చివరి విషయంలో అమెరికా పద్ధతి వేరు. అక్కడ 1991లో వచ్చిన టెలిఫోన్ వినియోగదారుల రక్షణ చట్టం కింద, అక్రమంగా వచ్చిన ఒక్కో కాల్‌కు 500 డాలర్లు కోరుతూ ఆ కాల్ అందుకున్న మనిషే కోర్టుకు వెళ్లవచ్చు. కావాలనే చేశారని తేలితే ఆ మొత్తం 1,500 డాలర్ల దాకా పెరగవచ్చు. దాంతో అక్కడ కాల్స్ ఆగిపోయాయా అంటే లేదు. 'మీ కారు వారంటీ ముగియబోతోంది' అన్న రికార్డు గొంతు ఎన్నిసార్లు విన్నారో అక్కడి తెలుగువారిని అడిగితే చెబుతారు. విదేశాల నుంచి దొంగ నంబర్లతో చేసేవాడిని ఆ చట్టమూ పట్టుకోలేకపోయింది. కానీ పేరు, చిరునామా, బ్యాంకు ఖాతా ఉన్న దేశీయ వ్యాపారి మాత్రం ఏజెంట్‌తో ఫోను చేయించేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సి వస్తోంది, ఎందుకంటే దావా నేరుగా అతని మీదికే వస్తుంది. మన దగ్గర ఇబ్బంది పెడుతున్నవారిలో ఎక్కువమంది ఈ రెండో రకమే. ప్లాటు అమ్మేవాడికి ఊరుంది, ఆఫీసుంది, బ్రోచరుంది.

అసలీ నంబర్లు వాళ్ల చేతికెలా చిక్కుతున్నాయన్నది వేరే కథ. దాని మొదటి అధ్యాయం బట్టల దుకాణం బిల్లింగ్ కౌంటర్ దగ్గర జరుగుతుంది. వెనుక పదిమంది వరుసలో ఉంటారు, కౌంటర్‌లోని అమ్మాయి తలెత్తకుండానే "మొబైల్ నంబర్ చెప్పండి" అంటుంది. ఎందుకని అడిగితే "సిస్టమ్ తీసుకోదండి" అన్నదే జవాబు. వెనుకున్నవాళ్లు విసుక్కునేలోపు కొనుగోలుదారు పదంకెలూ పైకి చదివేస్తాడు. ఆ వరుసలో ఉన్నవాళ్లంతా వింటారన్నది అటుంచి, ఆ నంబరు ఆ దుకాణం నుంచి ఎటు పోతుందో చెప్పే నాథుడే ఉండడు. నంబరు ఇస్తేనే బిల్లు ఇస్తామని పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో చిల్లర వర్తక సంఘాలకు సూచించింది. అది సూచనగానే మిగిలిపోయింది. ఇంజినీరింగ్ సీటు కోసం ఒక వెబ్‌సైట్‌లో వివరాలు నింపిన ఇంటికి ఇరవై కాలేజీల నుంచి ఫోన్లు రావడం, ఇల్లు అద్దెకు వెతికినవాడికి అపార్టుమెంట్ల అమ్మకం కాల్స్ రావడం ఈ కోవలోవే.

ఇలా సేకరించిన వివరాలకు లెక్క చెప్పించే చట్టం 2023లో వచ్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి. బిల్లు కోసం ఇచ్చిన నంబరును ప్రచారానికి వాడటం ఈ నిర్వచనం ముందు నిలబడదు. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. దాని నియమావళి వెలువడటానికి 2025 నవంబరు దాకా పట్టింది. అందులోనూ ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి మరో 18 నెలల గడువిచ్చారు. కౌంటర్ దగ్గర చదివిన నంబర్లు మాత్రం ఏ గడువు కోసమూ ఆగడం లేదు.

లాభపడేవాడిని పట్టుకోవడం అసాధ్యమేమీ కాదు. అందుకు దారులు ఇప్పటికే ఉన్నాయి, వాడటమే తక్కువ. రియల్ ఎస్టేట్‌నే తీసుకుంటే, 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను నమోదు చేయకుండా ప్రచారం చేయడానికే వీల్లేదు. అమ్మిపెట్టే ఏజెంటు సైతం నమోదై ఉండాలి. ప్రకటనలో రెరా నంబరు ఉండాలి. 'ప్రీ లాంచ్ ఆఫర్ సర్, రేటు ఈ వారమే' అని ఫోనులో ఊరించేవాడు తన నోటితోనే ఇంకో చట్టాన్ని ఉల్లంఘిస్తున్నట్టు ఒప్పుకుంటున్నాడు. "మీ రెరా నంబరు, ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు చెప్పండి" అని తిరిగి అడిగితే ఆ సంభాషణ చాలావరకు అక్కడితోనే ముగిసిపోతుంది. ఆ కాల్ రికార్డును ట్రాయ్‌కి బదులు రెరాకు పంపి, ప్రాజెక్టు ప్రమోటర్ మీద చర్య తీసుకోగలిగితే, తెగేది 200 రూపాయల సిమ్ కాదు, కోట్ల రూపాయల అమ్మకం. కానీ రెరాకూ టెలికాం సంస్థలకూ మధ్య అలాంటి వంతెన సామాన్యుడికి కనిపించేలా ఇంకా కట్టలేదు.

బ్యాంకుల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. ఏజెంట్ల చేత చేయించే పనికీ బ్యాంకుదే బాధ్యత అన్నది రిజర్వ్ బ్యాంకు ఎప్పటి నుంచో చెబుతున్న మాట. క్రెడిట్ కార్డులపై 2022లో ఇచ్చిన ఆదేశాల్లో, కార్డు సంస్థ ప్రతినిధులు ఉదయం 10 నుంచి రాత్రి 7 గంటల మధ్యే సంప్రదించాలని, ట్రాయ్ నిబంధనలు పాటించాలని స్పష్టంగా రాసింది. కోరకుండా కార్డు పంపి బిల్లు వేస్తే, ఆ బిల్లు రద్దు చేయడమే కాక దానికి రెట్టింపు మొత్తం ఖాతాదారుకు చెల్లించాలని కూడా అదే ఆదేశం చెప్పింది. ఇబ్బంది పడినవాడి చేతికే డబ్బు అందే ఏర్పాటు మన నియంత్రణలో అరుదు కాబట్టి దీన్ని ప్రత్యేకంగా గుర్తించాలి. కాల్స్‌కు కూడా ఇలాంటిదే ఎందుకుండకూడదన్న ప్రశ్న సహజంగా వస్తుంది.

ఆ దిశలో ఒక అడుగు 2024 జూన్‌లో పడింది. అవాంఛిత వ్యాపార సమాచారంపై వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక ముసాయిదా విడుదల చేసింది. ఫోను చేసినవారితో పాటు చేయించినవారినీ, దానివల్ల లాభం పొందేవారినీ పరిధిలోకి తేవాలన్నది అందులోని ముఖ్యాంశం. 2007 నుంచి సాగిన వ్యవహారంలో ఇది కొత్త చూపు. ట్రాయ్ అధికారం టెలికాం సంస్థల దాకానే పోతుంది, రియల్టరు మీదికి పోదు. వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం ఏ వ్యాపారి మీదికైనా పోగలదు. జిల్లా వినియోగదారుల కమిషన్ గడప తొక్కే వీలు సామాన్యుడికి ఉంది. ఫోను చేసిన టెలికాలర్‌ను బూతులు తిట్టి కసి తీర్చుకోవడం కంటే ఇది న్యాయమైన దారి కూడా. ఆ కుర్రాడికో అమ్మాయికో రోజుకు ఇన్ని కాల్స్ అన్న టార్గెట్ ఉంటుంది, చేతికి ఇచ్చిన పట్టిక ఉంటుంది, నెలాఖరున వచ్చే జీతం మీద ఇల్లు గడవాల్సి ఉంటుంది. ఎవరి నంబరు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకూ తెలియదు.

ముసాయిదాలు ఇలా నడుస్తుండగా, టెలికాం విభాగం, కంపెనీలు సాంకేతిక పరిష్కారాల వెంట వేగంగా పరుగెడుతున్నాయి. ఎయిర్‌టెల్ 2024 సెప్టెంబరులో కృత్రిమ మేధ సాయంతో 'అనుమానిత స్పామ్' అని తెర మీద చూపించడం మొదలుపెట్టింది. ఒక నంబరు నుంచి ఎన్ని కాల్స్ వెళ్తున్నాయి, ఎంతసేపు సాగుతున్నాయి వంటి లక్షణాలను బట్టి పడే ముద్ర అది. ఎంతో మందికి ఇది నిజంగా ఊరటే. కానీ రోజుకు వంద ఇళ్లకు ఫోను చేసే డెలివరీ కుర్రాడు, అపాయింట్‌మెంట్ గుర్తుచేసే క్లినిక్ రిసెప్షనిస్టు, నీళ్ల ట్యాంకరు పంపేవాడు కూడా లక్షణాల్లో అమ్మకందారులాగే కనిపించే ప్రమాదముంది. ముద్ర పడినట్టు వాళ్లకు తెలిసేసరికి గిరాకీ పోయి ఉంటుంది.

ఫోను చేస్తున్నవారి పేరు తెరపై చూపే ఏర్పాటును ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో సిఫారసు చేసింది. సిమ్ తీసుకున్నప్పుడు ఇచ్చిన గుర్తింపు పత్రంలోని పేరే అందులో కనిపిస్తుంది. కాగితం మీద చక్కగా ఉన్న ఈ ఆలోచన మన ఇళ్లలోకి వచ్చేసరికి చిక్కుపడుతుంది. ఇంట్లో నలుగురి సిమ్‌లూ తండ్రి పేరు మీదో భర్త పేరు మీదో ఉండటం మన దగ్గర మామూలే. హాస్టల్ నుంచి కూతురు కొత్త స్నేహితురాలికి ఫోను చేస్తే తెర మీద వెంకటేశ్వరరావు అని పడుతుంది. సొంత పేరు మీద సిమ్ ఉన్న అమ్మాయికి ఇంకో ఇబ్బంది: ఆటోవాడికి చేసినా, కొరియర్‌వాడికి చేసినా గుర్తింపు పత్రంలోని పేరు అవతలివాడికి తెలిసిపోతుంది. ఇన్నాళ్లూ ట్రూకాలర్ లాంటి యాప్‌లు ఇదే పని చేస్తుంటే వాటిని పెట్టుకోవడం, మానడం మన ఇష్టం. ప్రభుత్వ ఏర్పాటుగా మారినప్పుడు ఆ తేడా చిన్నదేమీ కాదు.

కాల్స్ బెడద తీర్చే పేరుతో వినియోగదారుడి ఫోనులోకే చేయి పెట్టే ధోరణి ఇంతకుముందూ కనిపించింది. ట్రాయ్ తయారు చేసిన డీఎన్‌డీ యాప్‌కు కాల్ లాగ్, సందేశాలు చదివే అనుమతి ఇవ్వడానికి ఆపిల్ చాలాకాలం ఒప్పుకోలేదు. అనుమతించని ఫోన్లను నెట్‌వర్క్ నుంచి తప్పించే అధికారం దాకా 2018 నిబంధనలు వెళ్లాయి. ఆ ఏడాది నవంబరులో యాప్ వచ్చాక గొడవ సద్దుమణిగింది. 2025 నవంబరు చివర్లో కొత్త ఫోన్లన్నింటిలో, మొబైల్ మోసాలపై ఫిర్యాదు చేసే ప్రభుత్వ యాప్ సంచార్ సాథీ ముందే ఉండాలని టెలికాం విభాగం ఇచ్చిన ఆదేశం బయటికి రాగానే పెద్ద దుమారం రేగింది. డిసెంబరు 3న దాన్ని ఉపసంహరించుకున్నారు. ఈ రెండు సందర్భాల్లోనూ సామాన్యుల అభిప్రాయం రెండుగా చీలింది. 'మోసగాళ్లు ఆగితే చాలు, యాప్ ఉంటే పోయేదేముంది' అన్నవారూ ఉన్నారు, 'నా ఫోనులో ఏముండాలో నేనే చెప్పాలి' అన్నవారూ ఉన్నారు. మోసానికి గురై డబ్బు పోగొట్టుకున్న ఇంట్లో మొదటి మాటే సహజంగా వినిపిస్తుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ పద్దెనిమిదేళ్లుగా అమ్మకందారు గడప దాకా వెళ్లని నియంత్రణ, కొనుగోలుదారు జేబులోకి మాత్రం ఇంత సులువుగా వెళ్లగలగడం గమనించదగ్గదే.

ఈలోగా వ్యాపారులు మకాం మార్చేస్తున్నారు. వాట్సాప్‌లో వచ్చే ప్రచార సందేశాలకు ట్రాయ్ నిబంధనలు వర్తించవు. ఎస్సెమ్మెస్‌లో నమూనా, హెడర్, చివరి అక్షరం తప్పనిసరైన కంపెనీలే అక్కడ రంగురంగుల బొమ్మలతో, బటన్లతో సందేశాలు పంపుతున్నాయి. ఆపమని నొక్కితే ఆగుతాయా లేదా అన్నది ఆ వేదిక సొంత నియమాల మీద ఆధారపడి ఉంది.

1600తో మొదలయ్యే నంబర్ల కథ మాత్రం ఇంకా తేలాల్సి ఉంది. బ్యాంకులు సేవా, లావాదేవీ కాల్స్‌ను ఈ నంబర్ల నుంచే చేయాలని, ప్రచారానికి 140నే వాడాలని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరిలో చెప్పింది. వాణిజ్య బ్యాంకులు 2026 జనవరి 1 నాటికి మారిపోవాలని ట్రాయ్ గడువు పెట్టింది. పదంకెల నంబరు నుంచి 'బ్యాంకు మేనేజర్‌ను' అని ఎవరు చెప్పినా నమ్మనక్కర్లేదన్న తేలికైన గుర్తు జనానికి దొరుకుతుంది కాబట్టి ఇది మంచి ఏర్పాటే. ఇప్పుడు అర్ధరాత్రి ఎవరో కార్డు వాడారని అనుమానం వచ్చి బ్యాంకు నిజంగానే 1600 నంబరు నుంచి ఖాతాదారుకు ఫోను చేసిందనుకుందాం. ఎన్నో ఏళ్లుగా తెలియని నంబరు కనిపిస్తే కట్ చేయడమే అలవాటైన ఆ బొటనవేలు, తెర మీద పడిన నాలుగంకెలు చదివేలోపే ఎర్ర బటన్ మీదికి వెళ్లిపోతుంది.